పేరు రాసినంత మేర కుండ చెమర్చదు

దక్షిణ ఒడిశాలో బరంపురం, ఛత్రపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ పట్టణాల్లోని తెలుగు సంఘాల పెద్దలకు, కులసంఘాల, అభిమాన సంఘాల, దేవాలయ కమిటీల కార్యకర్తలకు, వర్తక సంఘాల వారికి నమస్కారం.

ఇంకొన్నాళ్ళలో మీలో చాలామంది చలివేంద్రాలు తెరుస్తారు. తెరవండి. ఇంకా ముందుగా తెరవండి, వానలు పడేదాకా నడపండి. మేం అడిగేది ఒక్కటే: ఈసారి వాటి మీద పేర్లు తీసెయ్యండి. సంఘం పేరు, దాత పేరు, నాయకుడి బొమ్మ, ఫలానావారి జ్ఞాపకార్థం అన్న పలక, ఏదీ వద్దు. పేరు వచ్చి చేరిన ప్రతిచోటా నష్టపోతున్నది నీళ్ళే, ఆ నీళ్ళకోసం వచ్చే మనిషే. ఎలాగో విడమరిచి చెబుతాం, ఓపికగా చదవండి.

ముందు కుండ సంగతి. మట్టికుండ గోడలోని సన్న రంధ్రాల గుండా నీరు బయటికి చెమర్చి, గాలికి ఆవిరవుతుంది. అందువల్లే లోపలి నీళ్ళు చల్లబడతాయి. ఒక గ్రాము నీరు ఆవిరైతే దాదాపు 580 కేలరీల వేడిని వెంట తీసుకుపోతుంది. ఆ లెక్కన 20 లీటర్ల కుండ 10 డిగ్రీలు చల్లబడటానికి 350 మిల్లీలీటర్లు, అంటే గ్లాసున్నర నీళ్ళు ఆవిరైతే సరిపోవాలి. బయటి వేడి లోపలికి చొరబడుతూనే ఉంటుంది కాబట్టి నిజానికి అంతకంటే ఎక్కువే పోతుంది. అలాంటి కుండకు తెల్ల ఎనామిల్ రంగు పూయించి, దాని మీద ఎర్రక్షరాలతో సంఘం పేరు రాయిస్తున్నారు. ఆయిల్ పెయింటు పడ్డచోట రంధ్రాలు మూసుకుపోతాయి. పేరు రాసినంత మేర కుండ చెమర్చదు. మధ్యాహ్నం రెండింటికి వెళ్ళి చెయ్యి ఆనించి చూడండి. రంగు లేని అడుగుభాగం తడితడిగా చేతికి తగులుతుంది, అరచేతికి కాస్త మట్టి కూడా అంటుకుంటుంది. పేరున్న పొట్ట భాగం పొడిగా, నున్నగా ఉంటుంది. నిలువెల్లా రంగేసిన కుండకూ ప్లాస్టిక్ బిందెకూ తేడా లేదు. కుండ బోసిగా ఉందనిపిస్తే సున్నంతో నాలుగు బొట్లు పెట్టించండి, సున్నం గాలిని ఆపదు.

కుండలు ఫిబ్రవరిలోనే కొని ఉంచుకోవాలి. వేలితో తట్టితే ఖంగుమని మోగాలి. మొద్దుగా పలికితే ఎక్కడో సన్న పగులు ఉన్నట్టే. కొత్త కుండను ఒక పగలూ రాత్రీ నీళ్ళలో ముంచి ఉంచి, మూడుసార్లు కడిగి, మొదటిరోజు పోసిన నీళ్ళు మొక్కలకు పొయ్యండి. సబ్బు తగలనివ్వద్దు. మట్టి సబ్బును పీల్చుకుని వారంపాటు నీళ్ళలో ఆ వాసనే వదులుతుంది. కొబ్బరిపీచుతో, వట్టి నీళ్ళతో తోమాలి. బోరునీళ్ళు పోసే చోట పైన తెల్లటి ఉప్పుపొర కడుతుంది. అదీ రంధ్రాలను మూసేదే, వారానికోసారి గీకెయ్యాలి. కిందటేడు కుండ ఈ ఏడు సరిగా చల్లబరచదు; దాన్ని గ్లాసులు కడిగే నీళ్ళకు వాడుకోండి.

బరంపురం, ఛత్రపురం వాళ్ళు ఇంకోటి గుర్తుపెట్టుకోవాలి. సముద్రపు గాలిలో తేమ ఎక్కువ. రాయగడలోనో గుణుపురంలోనో పొడిగాలికి చల్లబడినంతగా ఇక్కడ కుండ చల్లబడదు. అందుకని ఇక్కడ నీడ, గాలి రెండూ కుదిరిన చోటే పెట్టాలి. మూడువైపులా ఫ్లెక్సీలు కట్టేస్తే గాలి ఆగిపోతుంది, లోపల ఉక్కపోత. పైన తాటాకుగానీ కొబ్బరాకుగానీ, పక్కలన్నీ బారుగా తెరిచి, కింద తడి ఇసుక. అంతే.

ఎన్ని కుండలు? రోజుకు 600 మంది వచ్చే చోటు అనుకుందాం. మనిషికి 300 మిల్లీలీటర్ల చొప్పున తాగడానికి 180 లీటర్లు. పదిమందిలో ఇద్దరు లీటరు సీసా నింపుకుంటారనుకుంటే ఇంకో 120. గ్లాసులు కడగడానికి 60. మొత్తం 360 లీటర్లు. మామూలుగా కనిపించేది మూడు కుండలు, అంటే 60 లీటర్లు. 200 మంది ఒక్కోసారి తాగితే అయిపోతాయి, అదీ సీసాలు ఎవరూ తేకపోతే. అప్పుడు నీళ్ళు పోసే మనిషి ఏం చేస్తాడు? సగం ఖాళీ అయిన కుండలోనే ట్యాంకు నుంచి వేడినీళ్ళు పట్టి పోస్తాడు. ఆరుగంటలు చెమర్చి సంపాదించిన చల్లదనం ఆ ఒక్క బక్కెటుతో పోతుంది. గ్లాసులు కడిగే నీళ్ళు పోను, మిగతా 300 లీటర్లకు 20 లీటర్ల కుండలు 16 కావాలి. ఎనిమిదింటిని రాత్రి నింపితే పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా వస్తాయి. మిగతా ఎనిమిదింటిని ఉదయం ఆరింటికి నింపితే 12 తర్వాత చేతికి అందుతాయి. పూర్తిగా ఖాళీ అయ్యాకే మళ్ళీ నింపాలి. ఏ వరసది ఎప్పుడు నింపారో తెలియడానికి కుండ కింద ఒక ఇటుకముక్క మీద సుద్దతో టైము రాసి పెట్టండి. కుండకు రాత అవసరమయ్యేది అక్కడొక్కచోటే.

దానానికి దేశ కాల పాత్రలు చూడమన్నారు పెద్దలు. పాత్ర సంగతి ఇంతసేపూ చెప్పాం. ఇక కాలం.

మార్చి నడిమి నుంచే ఎండలు కాల్చేస్తాయి. ముఖ్య అతిథి తేదీ ఇవ్వలేదని, పుట్టినరోజు ఏప్రిల్ ఆఖరులో వస్తుందని ఆగిన చలివేంద్రాలను ప్రతిచోటా చూస్తున్నాం. రిబ్బను కోసం ఆగిన ఆ నెలరోజులూ తాపీపనివాళ్ళు, రిక్షావాళ్ళు, తలమీద గంపలతో కూరగాయలమ్మే ఆడవాళ్ళు అదే దారిన పోతూనే ఉంటారు. 1998 ఎండాకాలంలో ఒడిశాలో వడదెబ్బకు 2,000 మందికి పైగా చనిపోయారు. ఆ తర్వాతే ప్రతి ఏటా ప్రభుత్వం ముందుజాగ్రత్తలు తీసుకోవడం, పంచాయతీలు, మునిసిపాలిటీలు జలఛత్రాలు తెరవడం పద్ధతిగా మారింది. ఎండలో బరువుపని చేసే మనిషి గంటకు లీటరు దాకా చెమట రూపంలో పోగొట్టుకోగలడు. ఆ మనిషి మీ ముహూర్తం దాకా ఎలా ఆగుతాడు?

ఉగాదికి తెరవండి. తెరవడమంటే పొద్దున కుండలు నింపి, మూతలు పెట్టి, మనిషిని కూర్చోబెట్టడం. అంతకుమించి ఏమీ లేదు. మన పక్కింటి ఒడియా వాళ్ళు తమ కొత్తేడాది మొదలయ్యే పణా సంక్రాంతినాడు తులసికోట మీద అడుగున చిన్న చిల్లి పెట్టిన కుండను కడతారు. వైశాఖమంతా ఆ చిల్లిలోంచి చుక్కచుక్కగా తులసి మీద నీళ్ళు పడుతూనే ఉంటాయి. కుండ ఖాళీ కాకుండా చూసుకోవడమే ఆ ఇంటివాళ్ళ పని. కట్టినరోజు ఎంత శ్రద్ధో ఇరవయ్యోరోజూ అంతే శ్రద్ధ. శివాలయంలో ధారాపాత్ర కట్టే మనకు ఇది తెలియని సంగతి కాదు. చలివేంద్రం దగ్గరికి వచ్చేసరికే మరిచిపోతున్నాం. మే 20న మీ ఊళ్ళో తిరిగి చూడండి: ఏప్రిల్‌లో ఫొటోలు దిగిన పందిళ్ళలో ఎన్నింట్లో తడి ఉందో, ఎన్నింట్లో ఫ్లెక్సీ మాత్రమే ఊగుతోందో.

దేశం అంటే చోటు. పేరు కనబడాలన్న కోరిక ఉన్నంతకాలం చలివేంద్రాలన్నీ నాలుగురోడ్ల కూడలికే చేరతాయి. బరంపురంలో గిరి మార్కెట్, బడాబజారు వైపు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. పది అడుగుల దూరంలో పక్క సంఘం పందిరి ఉంటే మనది దానికంటే పెద్దదిగా వెయ్యాలన్న పంతం. మనిషికి దాహం వేసే చోట్లు వేరు. మెడికల్ కాలేజీ ఆసుపత్రికి ఇచ్ఛాపురం, కంచిలి, సోంపేట నుంచి కూడా రోగులతో వచ్చే బంధువులు రాత్రిళ్ళు ఆవరణలోనే పడుకుంటారు. వాళ్ళకు రాత్రి ఎనిమిది తర్వాత, తెల్లవారి అయిదింటికి నీళ్ళు కావాలి. పందిళ్ళన్నీ సాయంత్రం అయిదింటికే మూసేస్తారు. గిరిసోల దాటాక జాతీయ రహదారి మీద నీడలేని బస్సు స్టాపులు, ఇటుకబట్టీల నుంచి వచ్చే దారులు, పర్లాకిమిడిలో కోర్టుకూ ఆఫీసులకూ పల్లెల నుంచి వచ్చి చెట్ల కింద కూర్చునేవాళ్ళు, చైత్ర మంగళవారాల్లో తారాతారిణి అమ్మవారి కొండ మెట్లెక్కేవాళ్ళు, వీళ్ళ దగ్గరికి వెళ్ళండి. రైల్వేస్టేషన్లో ఇవ్వాలంటే స్టేషన్ మేనేజరు అనుమతి ముందే తీసుకోవాలి. జనరల్ పెట్టెలు ఎక్కువగా రైలు ముందూ వెనకా చివర్లలో ఆగుతాయి. ప్లాట్‌ఫారం మీద నీడా కుళాయీ ఉండేది నడుమ. అందుకని చివర్లలో నిలబడాలి. రైలు ఆగే రెండు నిమిషాల్లో గ్లాసులతో పని కాదు. పొడుగుముక్కు జగ్గు, సీసా మూతికి సరిపోయే గరాటు పట్టుకుని ఇద్దరిద్దరుగా కిటికీ వెంబడి నడిస్తేనే నాలుగు సీసాలు నిండుతాయి.

నీళ్ళ శుభ్రత గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. చెడ్డనీళ్ళు పోసేకంటే పందిరి పెట్టకపోవడం మేలు. మునిసిపల్ కుళాయి నీళ్ళయితే వాటిలో క్లోరిన్ ఉంటుంది. ట్యాంకరు, బావి, బోరు నీళ్ళకు మీరే కలపాలి. నీళ్ళు మురికిగా ఉంటే ముందు నాలుగు మడతల గుడ్డలో వడకట్టండి. మురికే క్లోరిన్‌ను తినేస్తుంది, క్రిములకు మిగలదు. వెయ్యి లీటర్ల ట్యాంకుకు తాజా బ్లీచింగ్ పౌడరు సుమారు 4 గ్రాములు. పొడిని నేరుగా ట్యాంకులో చల్లకూడదు. మగ్గులో కొద్ది నీళ్ళతో ముద్దగా చేసి, తర్వాత మగ్గు నింపి, పావుగంట కదపకుండా ఉంచితే సున్నం అడుక్కి దిగుతుంది. పైన తేరిన నీళ్ళే ట్యాంకులో పోసి కలిపి, అరగంట ఆగాలి. అప్పుడు పరీక్ష చేస్తే లీటరుకు 0.5 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలి. పరీక్ష పెట్టె ఆరోగ్య కార్యకర్తల దగ్గర ఉంటుంది, అడిగి తెచ్చుకోండి. తక్కువ చూపిస్తే ఇంకాస్త పౌడరు కావాలి. మూత తీసి తేమలో వదిలేసిన పౌడరులో బలం పోతుంది, అది ఎంత వేసినా సున్నమే. ట్యాంకు లేకపోతే 20 లీటర్లకు ఒకటి చొప్పున వేసే క్లోరిన్ బిళ్ళలు దొరుకుతాయి. మట్టికుండలో క్లోరిన్ తొందరగా విరిగిపోతుంది కాబట్టి పగలు పోయగా మిగిలిన నీళ్ళు మర్నాడు పోయకూడదు. ప్రతి కుండనూ రోజుకోసారి ఖాళీచేసి, తోమి, బోర్లించాలి.

ముంచే చేతులు కుండలోకి వెళ్ళకూడదు. మూరెడు కాడ ఉన్న గరిటె, దాన్ని తగిలించడానికి కొక్కెం. మూత మీద పెడితే ఈగలు, నేలమీద పెడితే దుమ్ము. స్టీలు గ్లాసులు కనీసం రెండు డజన్లు, కడగడానికి రెండు బక్కెట్లు: ఒకటి సబ్బునీళ్ళు, ఒకటి మంచినీళ్ళు, గంటకోసారి మార్చాలి. ప్లాస్టిక్ గ్లాసులు సాయంత్రానికి కాలువలో ఉంటాయి. కొందరు ముసలివాళ్ళు గ్లాసు ముట్టరు, దోసిలి పడతారు. వాళ్ళకోసం ముక్కున్న చెంబు ఉంచండి. ఎవరికి గ్లాసు, ఎవరికి దోసిలి అన్నది తాగేవాళ్ళు తేల్చుకోవాలి, పోసేవాళ్ళు కాదు. ఈ విషయంలో మేం ఎవరికీ మినహాయింపు ఇవ్వం. కూర్చోవడానికి ఒక బల్ల ఉంటే మనిషి రెండో గ్లాసు, మూడో గ్లాసు తాగుతాడు. నిలబెట్టి పోస్తే ఒకటి తాగి పోతాడు.

మజ్జిగ పోసే సంఘాలకు ఒక మాట. లీటరు పెరుగుకు నాలుగు లీటర్ల నీళ్ళు, కలిపిన మజ్జిగ లీటరుకు అరచెంచా ఉప్పు. కలిపిన మూడు నాలుగు గంటల్లో అయిపోవాలి. చేపల కోసం తయారుచేసే దిమ్మ ఐసు అందులో వెయ్యకండి. దాన్ని తాగేనీళ్ళతోనే చేశారన్న నమ్మకం లేదు, వచ్చేది గోనెల్లో, దించేది నేల మీద. చల్లదనం కావాలంటే గిన్నె చుట్టూ పెట్టండి, లోపల కాదు. లీటరుకని అమ్మే ఓఆర్ఎస్ పొట్లం సరిగ్గా లీటరు నీళ్ళకు ఒకటి. జనం ఎక్కువయ్యారని రెండు లీటర్లకు సాగదీసినా, ఒక్కడు నీరసంగా ఉన్నాడని గ్లాసులో కలిపినా తప్పే. రెండోది ప్రమాదం కూడా. కలిపినది 24 గంటలు దాటితే పారబొయ్యాలి. చెమట ఆగిపోయి, మాట తడబడే మనిషి కనిపిస్తే అది వడదెబ్బ. నీడకు చేర్చి, ఒంటిమీద నీళ్ళు పోసి విసురుతూ 108కి ఫోన్ చెయ్యండి. స్పృహ లేనివాళ్ళ నోట్లో నీళ్ళు పొయ్యొద్దు.

డబ్బు దగ్గరికి వద్దాం. ఒక పెద్ద ఫ్లెక్సీ, షామియానా, కుర్చీలు, మైకు, శాలువాలు, దండలు, ఆరోజు వచ్చిన అతిథులకు టిఫిను. కిందటేడు ఆ బిల్లులన్నీ ఒకచోట కూడి, నీళ్ళు పోసే మనిషి రోజుకూలీతో భాగించి చూడండి. ఎన్ని రోజుల జీతం ఒక్క పూటలో ఖర్చయిందో మీకే తెలుస్తుంది. చలివేంద్రం మూతపడేది నీళ్ళు లేక కాదు, మనిషి లేక. పిల్లలు ఉత్సాహంగా మొదటి వారం వస్తారు. తర్వాత పరీక్షలు, పెళ్ళిళ్ళు, ఎండ. జీతమిచ్చి ఒక మనిషిని పెట్టుకుని, వారికి మధ్యాహ్నం గంటసేపు భోజన విరామం ఇవ్వడానికే స్వచ్ఛంద కార్యకర్తలను వాడుకోండి. నెలకు ముప్ఫై ఇళ్ళు, ఇంటికొక రోజు, ఒక గంట. ఆ వంతు ఎవరిదో ఆ వీధికి తెలిస్తే చాలు.

పేరు వద్దన్నంత మాత్రాన జవాబుదారీ వద్దని కాదు. అక్కడ ఒక చిన్న పలక ఉండాలి. ఒడియాలో ‘పాణి’, తెలుగులో ‘నీళ్ళు’. కింద కుండలు కడిగిన తేదీ, క్లోరిన్ కలిపిన టైము, నీళ్ళు అయిపోతే పిలవాల్సిన ఫోన్ నంబరు. చందాల లెక్క పుస్తకంలో ఉండాలి, ఎవరడిగినా చూపించాలి. రశీదు మీద దాత పేరు ఉండనివ్వండి. అది లెక్క, ప్రచారం కాదు. గోడమీదికి ఎక్కినప్పుడే తేడా.

‘పేరు లేకపోతే చందా ఎవరిస్తారు’ అని మీరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. మొదటి ఏడు కొందరు తగ్గుతారు, దాచడం ఎందుకు. కానీ పేరు కోసం వచ్చే డబ్బు పేరు కనబడే వస్తువుల మీదే ఖర్చుకావాలని అడుగుతుంది. పందిరికి ఇస్తుంది, పౌడరుకు ఇవ్వదు. డబ్బు బదులు వస్తువు అడిగి చూడండి: ఒకరు పదహారు కుండలు, ఒకరు గ్లాసులు, ఒకరు మే నెల రెండో వారం జీతం. అలా ఇచ్చినవాళ్ళు సాయంత్రం నడుస్తూ వచ్చి కుండ చెమరుస్తోందో లేదో చూసి పోతారు. రెండు సంఘాలు కలిసి ఒకటి నడపడమూ అప్పుడే కుదురుతుంది. ఇన్నాళ్ళూ అడ్డుపడింది ఎవరి పేరు పైన రాయాలన్న తగాదాయే కదా.

ఫొటోల గురించి కూడా. నీళ్ళు తాగే మనిషి మొహం తీసి వాట్సాప్‌లో పెట్టకండి. రాళ్ళు మోసి వచ్చిన ఆడమనిషి, పందిరి ముందు సెల్‌ఫోన్లు పట్టుకున్న కుర్రాళ్ళను చూసి, కొంగు తలమీదికి లాక్కుని రోడ్డు అవతలి నుంచే పోతుంది. ఆమె దాహం తీరలేదు, మీ లెక్కలో ఆమె లేదు. లంకల గన్నవరంలో వచ్చినవారికి వచ్చినట్టు అన్నం పెట్టిన డొక్కా సీతమ్మగారు (1841–1909), ఎడ్వర్డ్ చక్రవర్తి వేడుకకు పంపడానికి ఫొటో కావాలని అధికారులు వస్తే ఒప్పుకోలేదనీ, తీసుకెళ్ళకపోతే తమ ఉద్యోగాలకు ముప్పని వాళ్ళు ప్రాధేయపడ్డాకే కూర్చున్నారనీ చెప్పుకుంటారు. ఆమె ఫొటోకు ఒప్పుకున్నదీ ఇంకొకరి అన్నం కోసమే. గ్రూపులో ఏదైనా పెట్టాలంటే ‘రేపు గేట్ బజారు దగ్గర పన్నెండు నుంచి రెండు దాకా మనిషి కావాలి’ అని పెట్టండి.

ఆఖరుగా, మూసే రోజు. దీన్ని ఎవరూ పట్టించుకోరు, ఎందుకంటే దీనికి అతిథి రాడు. జూన్‌లో వానలు మొదలయ్యాక పందిట్లో వదిలేసిన కుండల్లో నీళ్ళు నిలిచి, వారం పది రోజుల్లో డెంగీ దోమలు లేస్తాయి. మేలు చేసిన చోటే జబ్బు పెట్టినట్టవుతుంది. వాన రెండురోజులు వరసగా పడగానే కుండలన్నీ ఎండబెట్టి లోపలికి చేర్చండి, పగిలినవాటిని చెట్టు మొదట్లో మట్టితో కప్పెయ్యండి, గ్లాసులు లెక్కపెట్టి మూట కట్టండి. కాలువ తీసి గ్లాసులు కడిగిన నీళ్ళు పంపిన గుంట పూడ్చండి. పక్కన పశువుల కోసం పెట్టిన తొట్టి మాత్రం ఉంచెయ్యండి, వారానికోసారి కడిగే వంతు ఎవరిదో తేల్చుకుని. లెక్క పుస్తకంలో చివరి పేజీలో మిగిలిన డబ్బు, వచ్చే ఏడు కొనాల్సిన కుండల సంఖ్య రాసి, తాళంచెవితో సహా వచ్చే ఏడు నడిపేవాళ్ళ చేతిలో పెట్టండి. వాళ్ళు మీ సంఘం వాళ్ళు కాకపోయినా సరే.

ఇట్లు,
ఈ పట్టణాల్లో చలివేంద్రాల దగ్గర నీళ్ళు మోసేవాళ్ళం